ద్విభాషిత్వం, స్పీచ్ థెరపీ: హైదరాబాద్ నుంచి పరిశోధన, అధ్యాపక వృత్తిలోకి వెళ్ళడం ఎలా

ఏటా ఇంటర్ ఫలితాలు వచ్చి వారం తిరక్కుండానే నన్ను అడిగే ప్రశ్న ఒకటుంది: "మేడమ్, స్పీచ్ థెరపీ చదివి క్లినిక్ పెట్టుకోవడం కాదు, రెండు మూడు భాషలు మాట్లాడే పిల్లల మీద పరిశోధన చేసి కాలేజీలో పాఠం చెప్పాలంటే ఏం చేయాలి?" బీఏఎస్ఎల్‌పీ (వాక్కు, వినికిడి చికిత్స డిగ్రీ) చివరి ఏడాదిలో ఉన్నవారు, ఎంఏ లింగ్విస్టిక్స్ పూర్తి చేసినవారు, ఆసుపత్రి ఓపీలో ఐదారేళ్ళు పనిచేసి అలసిపోయినవారు కూడా మాట మార్చి ఇదే అడుగుతారు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పేకంటే వరుసగా రాసిపెట్టడం మేలనిపించి ఇది రాస్తున్నాను.

ఈ పనికి హైదరాబాద్ ఎందుకు అనువైన చోటో చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు. నిమ్స్ ఆసుపత్రిలో నరాల వైద్యురాలు సువర్ణ అల్లాడి నడిపిన బృందం 648 మంది డిమెన్షియా (జ్ఞాపకం, ఆలోచన క్షీణించే జబ్బు) రోగుల వివరాలు పరిశీలించి, రెండు భాషలు మాట్లాడేవారిలో జబ్బు లక్షణాలు సగటున 4.5 ఏళ్ళు ఆలస్యంగా బయటపడ్డాయని 2013లో ప్రచురించింది. అంతకుముందు 2007లో టొరంటో నుంచి ఇలాంటి ఫలితమే వచ్చింది కానీ, అక్కడి ద్విభాషులలో చాలామంది వలస వచ్చినవారు కావడంతో, తేడాకు కారణం భాషా, వలసా అన్న అనుమానం మిగిలిపోయింది. మన నగరంలో పుట్టి పెరిగిన ఊళ్ళోనే రెండు భాషలు మాట్లాడేవారున్నారు, బడి ముఖం చూడనివారు కూడా రెండు భాషల్లో బేరమాడతారు, కాబట్టి ఆ చిక్కును ఇక్కడ విడదీయడం సాధ్యమైంది. ఈ ఫలితం మీద వాదం ఇంకా ముగియలేదు. ముగియకపోవడమే కొత్తగా వచ్చేవారికి పని ఉందనడానికి గుర్తు.

కావలసినవి

కాలం గురించి ముందే నిజం తెలుసుకోండి. బీఏఎస్ఎల్‌పీ ఇంటర్న్‌షిప్‌తో కలిపి 4 ఏళ్ళు, ఎంఎస్సీ 2 ఏళ్ళు, పీహెచ్‌డీ తక్కువలో తక్కువ 3 ఏళ్ళు, అంటే ఇంటర్ తర్వాత 9 ఏళ్ళు. పదీ పదకొండు పట్టినవారే ఎక్కువ. ఇంట్లోవాళ్ళతో ఈ లెక్క మొదటి రోజే చెప్పండి.

ఇంటర్‌లో ఫిజిక్స్, కెమిస్ట్రీలతో పాటు బయాలజీ గానీ మ్యాథ్స్ గానీ ఉంటే బీఏఎస్ఎల్‌పీకి సరిపోతుంది. ఎంపీసీ వాళ్ళు తాము పనికిరామని అనుకుని వెనక్కి తగ్గవలసిన పని లేదు.

తెలుగుతో పాటు హైదరాబాదీ ఉర్దూను, అంటే దక్కనీని, కనీసం విని పూర్తిగా అర్థం చేసుకోగలగాలి. రానివారు ఈ రోజు నుంచే వినడం మొదలుపెట్టండి. ఇంగ్లీషు ఎలాగూ చదువుతో వస్తుంది, దక్కనీ మాత్రం పుస్తకంలో దొరకదు.

వీటికి తోడు ఒక మంచి వాయిస్ రికార్డర్, చెవులను పూర్తిగా మూసే హెడ్‌ఫోన్లు, కంప్యూటర్‌లో ప్రాట్, ఈలాన్, ఆర్ అనే మూడు ప్రోగ్రాములు కావాలి. మూడూ ఉచితమే. ప్రాట్ ధ్వనిని కొలవడానికి, ఈలాన్ రికార్డింగ్ పక్కన మాటను రాసుకోవడానికి, ఆర్ గణాంకాలకు పనికొస్తాయి.

1. రెండు దారుల్లో మీది ఏదో ముందే తేల్చుకోండి

మొదటి దారి బీఏఎస్ఎల్‌పీ, ఎంఎస్సీ స్పీచ్ లాంగ్వేజ్ పెథాలజీ, ఆపైన పీహెచ్‌డీ. ఈ దారిలో వెళ్ళినవారికి భారత పునరావాస మండలి, అంటే ఆర్‌సీఐ రిజిస్ట్రేషన్ వస్తుంది, రోగిని పరీక్షించి చికిత్స చేసే అధికారం ఉంటుంది, బీఏఎస్ఎల్‌పీ కాలేజీల్లో పాఠం చెప్పవచ్చు. రెండవ దారి లింగ్విస్టిక్స్ లేదా కాగ్నిటివ్ సైన్స్. ఈ దారిలో ద్విభాషిత్వం మీద ఎంత లోతుకైనా వెళ్ళవచ్చు కానీ చికిత్స చేయడానికి వీల్లేదు. అఫేసియా (మెదడు దెబ్బతిని మాట తడబడే లేదా పోయే స్థితి) రోగి మీద పనిచేయాలంటే రిజిస్ట్రేషన్ ఉన్న సహచరులు తోడుండాలి.

హెచ్చరిక: "ముందు లింగ్విస్టిక్స్ చేసి, తర్వాత చిన్న సర్టిఫికెట్ కోర్సుతో థెరపిస్ట్‌నవుతాను" అనుకునేవారు ప్రతి ఏడాదీ ఇద్దరు ముగ్గురు కనిపిస్తారు. అది కుదరదు. రిజిస్ట్రేషన్ లేకుండా వృత్తి చేయడం 1992 నాటి ఆర్‌సీఐ చట్టం ప్రకారం నేరం. దీనికి ఎదురు దారి మాత్రం సాఫీగానే ఉంటుంది: బీఏఎస్ఎల్‌పీ చదివినవారు తర్వాత లింగ్విస్టిక్స్ వైపు మళ్ళవచ్చు. ఎటూ తేల్చుకోలేనివారికి నేను మొదటి దారినే సూచిస్తాను.

2. కాలేజీని ఎంచుకోండి, అనుమతిని మీరే చూసుకోండి

సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది, స్వీకార్ వంటి పాత సంస్థలూ నగరంలో ఉన్నాయి. బీఏఎస్ఎల్‌పీతో పోలిస్తే ఎంఎస్సీ సీట్లు తక్కువ కాబట్టి మైసూరులోని అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ, ముంబయిలోని అలీ యావర్ జంగ్ ప్రధాన కేంద్రం ప్రవేశ పరీక్షలు కూడా రాయండి.

చేరేముందు ఆర్‌సీఐ వెబ్‌సైట్‌లో ఆ కాలేజీ పేరు, ఆ కోర్సు పేరు, అనుమతి ఏ విద్యా సంవత్సరం వరకు ఉందో మూడూ చూడండి. కాలేజీకి అనుమతి ఉంది కదా అని కోర్సును చూడకపోవడం, నిరుటి అనుమతిని ఈ ఏటిది అనుకోవడం తరచూ జరిగే పొరపాట్లు. ప్రాస్పెక్టస్‌లో ముద్రించిన మాటను ఆధారంగా తీసుకోకండి.

3. చదువుకుంటూనే భాషాశాస్త్రం నేర్చుకోండి

మన థెరపీ విద్యార్థులలో నాకు కనిపించే పెద్ద కొరత ఇదే. ఇంగ్లీషు వ్యాకరణంలో పిల్లలు ఏ వయసుకు ఏం నేరుస్తారో అప్పజెప్పగలరు, తెలుగులో "మేము" ఎప్పుడు, "మనం" ఎప్పుడు అనే ప్రశ్నకు తడబడతారు. ఉస్మానియాలో భద్రిరాజు కృష్ణమూర్తి నెలకొల్పిన లింగ్విస్టిక్స్ విభాగం ఉంది. దాని పక్కనే తార్నాకలో ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం ఇఫ్లూ ఉంది. గచ్చిబౌలిలో హైదరాబాద్ విశ్వవిద్యాలయానికి అనువర్తిత భాషాశాస్త్ర, అనువాద అధ్యయన కేంద్రం ఒకటి, నాడీ, కాగ్నిటివ్ శాస్త్రాల కేంద్రం మరొకటి ఉన్నాయి. ఇంత దగ్గరలో ఇన్ని విభాగాలున్న నగరాలు దేశంలో తక్కువ. వాటి బహిరంగ ఉపన్యాసాలకు వెళ్ళండి, వెనక వరుసలో కూర్చోండి, అర్థం కాని మాట రాసుకోండి.

పుస్తకం అడిగేవారికి: కృష్ణమూర్తి, గ్విన్ కలిసి 1985లో ఇంగ్లీషులో తెచ్చిన ఆధునిక తెలుగు వ్యాకరణాన్ని దగ్గర పెట్టుకోండి. మొదటి నుంచి చివరి దాకా చదవనక్కర్లేదు, క్రియారూపాలు, సర్వనామాలు, సంఖ్యావాచకాలు ఉన్న భాగాలు చాలు.

నేర్చుకున్నదీ లేనిదీ తేల్చుకోవడానికి ఒక పరీక్ష: మీ ఇంట్లో ఐదు నిమిషాల మాటలు, అందరి ఒప్పుదలతో, రికార్డు చేసి, విన్నది విన్నట్టు రాయండి. ఇంగ్లీషు మాట తెలుగు వాక్యంలోకి వచ్చిన ప్రతిచోటా ఏ ప్రత్యయం చేరిందో గుర్తుపెట్టండి. "బస్ మిస్ అయ్యాను", "డోర్ లాక్ చేశాడు" వంటి వాక్యాల్లో ఇంగ్లీషు క్రియ తర్వాత "అవు", "చేయు" చేర్చి, కాలమూ పురుషా తెలుగులోనే పెట్టడం మీరు గమనిస్తే సరైన దారిలో ఉన్నట్టే. గమనించక "కలగాపులగం భాష" అని రాసి వదిలేస్తే ఇంకా చదవవలసింది ఉంది.

4. భాషా వివరాలు సేకరించడం నేర్చుకోండి

మిగతా మెట్లలో ఏది తడబడినా సర్దుకోవచ్చు, ఈ మెట్టు తప్పితే పరిశోధన మొత్తం పనికిరాకుండా పోతుంది, అందుకే ఎక్కువ రాస్తున్నాను.

నా ఎంఎస్సీ డిసర్టేషన్‌లో 24 మంది పిల్లల వివరాలు తీసుకున్నాను. ఫారంలో రెండే గడులు: మాతృభాష, రెండవ భాష. వైవాలో, అంటే మౌఖిక పరీక్షలో, బయటి నుంచి వచ్చిన పరీక్షకులు కాగితాలు తిప్పుతూ, "ఏకభాషులని రాసిన ఈ పిల్లలు పగలంతా ఎవరి దగ్గర ఉంటారు?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. ఆ తర్వాత రెండు వారాల పాటు సాయంత్రాలు 24 ఇళ్ళకూ ఫోన్లు చేశాను. మూడు నంబర్లు అప్పటికే మారిపోయాయి. దొరికినవారిలో, నేను తెలుగు మాత్రమే వచ్చనుకున్న ఐదుగురు పిల్లలు రోజూ పక్కింట్లో ఉర్దూలోనో హిందీలోనో ఆడుకునేవారని తేలింది. పట్టికలన్నీ మళ్ళీ వేశాను.

అందుకని తల్లిదండ్రులకు ఫారం ఇచ్చి నింపించుకోకండి. కూర్చుని అడిగి, మీరే రాయండి. వారంలో ఒక బడి రోజు, ఒక సెలవు రోజు తీసుకుని, నిద్ర లేచినప్పటి నుంచి పడుకునే దాకా గంటగంటకూ నాలుగు విషయాలు రాయాలి: పిల్లాడు ఎవరితో ఉన్నాడు, ఏం చేస్తున్నాడు, ఏ భాష వింటున్నాడు, ఏ భాషలో తను మాట్లాడుతున్నాడు. వినడం, మాట్లాడడం వేర్వేరు గడుల్లో ఉండడం ముఖ్యం.

మెహదీపట్నంలో ఉండే ఆరేళ్ళ బాబు ఒకడున్నాడనుకోండి. బడి ఫారంలో మాతృభాష ఉర్దూ, రెండవ భాష ఇంగ్లీషు అని ఉంటుంది. గంటల లెక్క రాస్తే మెలకువగా ఉన్న 14 గంటల్లో ఇంట్లో ఉర్దూ 5 గంటలు, బడిలో ఇంగ్లీషు 5 గంటలు, బడి తర్వాత అమ్మ ఆఫీసు నుంచి వచ్చేదాకా కింది వాటాలోని ట్యూషన్ అక్క దగ్గర తెలుగు 3 గంటలు, హిందీ కార్టూన్లు గంట అని తేలుతుంది. ఫారంలో పేరే లేని తెలుగు మూడు గంటలుంది. ఇంగ్లీషు 5 గంటలు విన్నా వాడు నోరు తెరిచి మాట్లాడేది "మే ఐ కమిన్ మిస్"తో కలిపి పావుగంట ఉండవచ్చు. ఈ బాబును ఉర్దూ, ఇంగ్లీషుల్లో మాత్రమే పరీక్షించి "భాష వెనకబడింది" అని రాసేస్తే ఎంత అన్యాయమో ఆలోచించండి.

అడిగే పద్ధతిలో కూడా మెలకువ కావాలి. "ఏ భాష మాట్లాడతారు?" అంటే గౌరవం ఉన్న భాష పేరే చెబుతారు. లంబాడీ మాట్లాడే ఇల్లు తెలుగని చెబుతుంది, దక్కనీ మాట్లాడే ఇల్లు ఎదుటివారిని బట్టి ఒకసారి ఉర్దూ అంటుంది, ఒకసారి హిందీ అంటుంది, పిల్లాడి బడి గొప్పది అయ్యేకొద్దీ ఇంగ్లీషు గంటలు పెరుగుతాయి. దానికి బదులు, "దాహమైతే నానమ్మను నీళ్ళు ఎలా అడుగుతాడు? అచ్చం వాడి మాటల్లోనే చెప్పండి" అనండి. మాట దానంతటదే బయటికి వస్తుంది.

సరిచూసుకోవడం: అదే ఇంట్లో మరొకరిని, మొదటివారు పక్కన లేనప్పుడు, అవే ప్రశ్నలు అడగండి. ఏ భాషకైనా రెండు గంటలకు మించి తేడా వస్తే మూడోసారి అడగండి. పెద్దవారి కోసం 2007లో వచ్చిన, ఏ భాష ఎంత వచ్చో, ఎంత వాడతారో అడిగే లీప్-క్యూ ప్రశ్నావళిని చాలామంది వాడతారు. అదైనా ఎదురుగా కూర్చుని అడగడమే మంచిది, పేషెంట్ చేతికి ఇచ్చి పంపకండి.

5. లోపమా, పక్క భాష ప్రభావమా: విడదీయడం అభ్యాసం చేయండి

ఉర్దూ ఇంటి పిల్ల తెలుగులో "రెండు పిల్లలు ఉన్నారు" అంటుంది. తెలుగులో మనుషులకు "ఇద్దరు" అనాలి. ఉర్దూలో మనిషికైనా వస్తువుకైనా "దో" ఒక్కటే. అదే పిల్ల మీతో "నిన్న మనం జూకి వెళ్ళాం" అంటుంది. మీరు వెళ్ళలేదు. తెలుగు "మేము", "మనం" రెండింటికీ ప్రామాణిక ఉర్దూలో ఒకే "హమ్" ఉంది. ఈ రెండూ పక్క భాష నుంచి వచ్చినవి, వీటిని తప్పుల పట్టికలో లోపంగా లెక్కవేయకూడదు.

ఇక మరో పిల్ల "అమ్మ నిన్న అన్నం పెట్టు" అంటూ తెలుగులో క్రియ చివర వదిలేస్తుంది, ఉర్దూలో కూడా జరిగిపోయిన సంగతికి "దే", "ఖా" వంటి ధాతువులతోనే సరిపెడుతుంది, బొమ్మల కథ చెప్పమంటే రెండు భాషల్లోనూ మూడు వాక్యాలతో ఆగిపోతుంది. అనుమానించవలసింది ఇక్కడ. ఇబ్బంది నిజంగా ఉంటే అది పిల్లకు తగినంత వినబడిన భాషలన్నింటిలో ఏదో ఒక రూపంలో కనిపిస్తుంది, ఒక్క భాషలోనే కనిపిస్తే ముందు ఆ భాష ఆ పిల్లకు ఎన్ని గంటలు వినబడిందో నాలుగో మెట్టు కాగితంలో చూడండి.

పరీక్ష సాధనాల సంగతి. ఇంగ్లీషు పరీక్షను తెలుగులోకి అనువదించి వాడడం మన దగ్గర పాత అలవాటు. ఆ పరీక్షల్లో ఏ (a), ద (the) అనే పదాల మీద ప్రశ్నలుంటాయి, తెలుగులో అవి లేవు. తెలుగు పిల్లను నిజంగా పరీక్షించే "ఇద్దరు, ముగ్గురు", విభక్తులు, "మేము, మనం" వాటిలో ఉండవు. పైగా వాటి సగటులన్నీ ఏకభాషా పిల్లలవి. ద్విభాషి ఒక మనిషిలో ఇమిడిన ఇద్దరు ఏకభాషులు కాదని ద్విభాషిత్వ పరిశోధకుడు ఫ్రాన్స్వా గ్రోజాన్ 1989లోనే రాశాడు. ఆ మాటను వ్యాసాల మొదటి పేరాలో అందరూ ఉటంకిస్తారు, స్కోరు వేసేటప్పుడు మరిచిపోతారు.

ప్రత్యామ్నాయాలు ఉన్నాయి. పదసంపదను కొలిచేటప్పుడు పిల్ల ఆ వస్తువు పేరు ఏ భాషలో చెప్పినా ఒక మార్కు వేసి, భాషల వారీ లెక్క పక్కన విడిగా రాయండి. కథ చెప్పించడానికి బెర్లిన్ నుంచి వచ్చిన మెయిన్ (MAIN) అనే సాధనంలోని బొమ్మలు బాగుంటాయి, ఒక్కో కథకు 6 బొమ్మలు, మొత్తం 4 కథలు. తెలుగుకు ఒక కథ, ఉర్దూకు వేరొక కథ వాడి, మధ్యలో కొన్ని రోజులు ఎడం ఇవ్వండి. వీలైతే ఒక్కో భాషకు ఒక్కో మనిషి కూర్చోవాలి, ఎందుకంటే మీకు తెలుగు వచ్చని తెలిసిన పిల్ల ఉర్దూ కథలోకి తెలుగు తెస్తుంది, అది మర్యాదే తప్ప లోపం కాదు. పెద్దవారిలో పక్షవాతం తర్వాతి అఫేసియాకు మిషెల్ పారడీ 1987లో తెచ్చిన బైలింగ్వల్ అఫేసియా టెస్ట్ నిర్మాణాన్ని అర్థం చేసుకోండి: మొదట భాషా చరిత్ర, తర్వాత ఒక్కో భాషలో విడిగా పరీక్ష, చివర రెండు భాషల మధ్య అనువాదం. బేగంబజార్ దుకాణదారు ఒకరు ఇంట్లో ఒక భాషా, గల్లాపెట్టె దగ్గర మరొక భాషా మాట్లాడతారు కాబట్టి లెక్కలు ఏ భాషలో చేసేవారో కూడా అడగడం మరవకండి. ఆ ప్రశ్న ఏ ఫారంలోనూ ఉండదు.

6. ప్రశ్నను చిన్నది చేయండి

"హైదరాబాద్ ద్విభాషా పిల్లల భాషాభివృద్ధి" అనే శీర్షికతో వచ్చే సినాప్సిస్‌లు (పరిశోధన ప్రతిపాదనలు) కొల్లలు. దానితో పదేళ్ళు పనిచేసినా పూర్తికాదు. "ఇంట్లో ఉర్దూ, బయట తెలుగు వినే 5 నుంచి 7 ఏళ్ళ పిల్లలు మేము, మనం తేడాను కథ చెప్పేటప్పుడు ఎంతవరకు పాటిస్తారు, రోజూ తెలుగు వినే గంటలకూ దానికీ సంబంధం ఉందా" అని రాయండి, ఎవరిని, ఏది, దేనితో కొలుస్తారో అందులోనే ఉంది.

ప్రశ్న కుదిరిందో లేదో తేల్చుకోవడానికి, ఫలితం వస్తే ఎలా ఉంటుందో, రాకపోతే ఎలా ఉంటుందో రెండు ఖాళీ పట్టికలు గీసి చూడండి. గీయలేకపోతే ప్రశ్న ఇంకా పెద్దది. ఎంతమంది పిల్లలు కావాలో ముందే జీపవర్ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో లెక్కకట్టండి. "అందరూ 30 తీసుకుంటారు కాబట్టి" అనేది కారణం కాదు.

7. ఎథిక్స్ కమిటీ అనుమతి ముందు, రికార్డింగ్ తర్వాత

భారత వైద్య పరిశోధన మండలి, అంటే ఐసీఎంఆర్, 2017 మార్గదర్శకాల ప్రకారం సమ్మతి పత్రం మనిషికి అర్థమయ్యే భాషలో ఉండాలి. తల్లిదండ్రుల సమ్మతితో పాటు 7 ఏళ్ళు నిండిన పిల్లల ఒప్పుదల కూడా తీసుకోవాలి. తెలుగు పత్రాన్ని గ్రాంథికంలో రాసి సంతకం పెట్టించుకోవడం సమ్మతి అనిపించుకోదు. మీ పక్కింటి అక్కకు చదివి వినిపించండి, ఆమె తిరిగి చెప్పగలిగితే పత్రం సరిగ్గా ఉంది. అఫేసియా ఉన్నవారికి చిన్న వాక్యాలు, బొమ్మలు వాడండి.

హెచ్చరిక: అనుమతి రాకముందే తీసిన రికార్డింగులు వాడడానికి వీల్లేదు, వెనకటి తేదీతో అనుమతి ఎవరూ ఇవ్వరు. మీ పని చికిత్సా పద్ధతిని పోల్చి చూసే ట్రయల్ అయితే మొదటి రోగిని చేర్చుకునే ముందే సీటీఆర్ఐ అనే జాతీయ ట్రయల్ రిజిస్ట్రీలో నమోదు చేయాలి.

8. రికార్డింగ్, రాత, సరిచూపు

ఫ్యాన్ ఆపండి. మైకు పిల్ల నోటికి దగ్గరగా ఉండాలి, రికార్డింగ్ వేవ్ ఫార్మాట్‌లో ఉండాలి, వాట్సాప్ వాయిస్ మెసేజ్‌లు పనికిరావు. ప్రతి ఫైలుకూ పేరు బదులు సంఖ్య ఇచ్చి, సంఖ్యకూ పేరుకూ ఉన్న పట్టికను వేరే చోట దాచండి.

రాసేటప్పుడు చెయ్యి దానంతటదే సరిదిద్దుతుంది, ఇదే పెద్ద ప్రమాదం. పిల్ల "రెండు పిల్లలు" అంటే మీ పెన్ను "ఇద్దరు పిల్లలు" అని రాస్తుంది. అందుకే మొత్తం రికార్డింగుల్లో ఐదో వంతు, అది కుదరకపోతే పదో వంతయినా, మీ పరిశోధన ప్రశ్న తెలియని మరొకరి చేత రాయించి రెండు రాతలనూ మాటకు మాట పోల్చండి. వందకు తొంభై కూడా కలవకపోతే రాత నియమాలు మళ్ళీ రాసుకుని మొదటి నుంచి వినాలి. విసుగు పుట్టే పని. దీన్ని తప్పించుకున్నవారిని వైవాలో వెంటనే పట్టుకుంటారు.

9. పీహెచ్‌డీ: గైడ్‌ను ఎంచుకోండి, ఫెలోషిప్ సంపాదించండి

యూజీసీ 2022 నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి కోర్సు వర్కుతో కలిపి కనీసం 3 ఏళ్ళు, సాధారణంగా గరిష్ఠం 6 ఏళ్ళు. ఎంఫిల్ తీసేశారు కాబట్టి దాని గురించి అడగనక్కర్లేదు. స్పీచ్ థెరపీకి యూజీసీ నెట్ అనే అర్హత పరీక్షలో విడిగా సబ్జెక్ట్ లేదు, మనవాళ్ళు లింగ్విస్టిక్స్ పేపర్ రాస్తారు. 3 గంటల్లో రెండు పేపర్లు, 150 ప్రశ్నలు, 300 మార్కులు. నోటిఫికేషన్‌లో అర్హత నిబంధనను మీ డిగ్రీ పేరుతో పోల్చి చూసుకున్నాకే ఫీజు కట్టండి. జేఆర్ఎఫ్ అనే పరిశోధన ఫెలోషిప్ వస్తే మొదటి రెండేళ్ళు నెలకు 37,000 రూపాయలు, తర్వాత 42,000 అని 2023లో పెంచారు. 2024 నుంచి నెట్ మార్కులు పీహెచ్‌డీ ప్రవేశానికి కూడా పనికొస్తున్నాయి. జేఆర్ఎఫ్ రాలేదని ఆగిపోకండి: మైసూరు సంస్థ సొంతంగా ఫెలోషిప్పులు ఇస్తుంది, ప్రాజెక్టుల్లో రీసెర్చ్ అసిస్టెంట్‌గా చేరి, ఒకటి రెండేళ్ళు పని నేర్చుకుని పీహెచ్‌డీకి వెళ్ళినవారు నాకు తెలిసినవారిలో బాగా రాణించారు.

గైడ్ పేరుప్రఖ్యాతులు చూసి చేరడం పొరపాటు. పీహెచ్‌డీ గ్రంథాల ఆన్‌లైన్ భాండారం శోధ్‌గంగలో ఆ గైడ్ కింద వచ్చిన సిద్ధాంత గ్రంథాలు తెరిచి, చేరిన ఏడాదికీ సమర్పించిన ఏడాదికీ తేడా లెక్కపెట్టండి. ఒక గ్రంథంలో పరిశోధన పద్ధతి ఉన్న అధ్యాయాన్ని పూర్తిగా చదవండి. ఇప్పుడు చేస్తున్న విద్యార్థులలో ఇద్దరితో, గైడ్ గది బయట కాకుండా క్యాంటీన్‌లో, మాట్లాడండి. "రాసిచ్చిన అధ్యాయం ఎన్ని వారాల్లో తిరిగొస్తుంది?" అన్న ప్రశ్న చాలు.

10. ప్రచురణ

2022 నిబంధనల్లో పీహెచ్‌డీ సమర్పణకు జర్నల్ వ్యాసం తప్పనిసరి కాదు, ఉద్యోగానికి మాత్రం అది లేకుండా గడవదు. మంచి జర్నళ్ళ పేర్లుండే యూజీసీ కేర్ జాబితాను 2025 ఫిబ్రవరిలో ఆపేశారు కాబట్టి జర్నల్ మంచిదో కాదో మీరే తేల్చుకోవాలి. రెండు రోజుల్లో అంగీకారం వస్తుందని చెప్పేవి, వాట్సాప్‌లో ఫీజు అడిగేవి, మీ విషయానికి సంబంధం లేని వ్యాసాలతో నిండినవి వదిలేయండి. మీరు ఉటంకించిన వ్యాసాల్లో సగం ఏ జర్నల్‌లో వచ్చాయో చూస్తే మీ వ్యాసం వెళ్ళవలసిన చోటు అదే తెలిసిపోతుంది. అంతకుముందు భారత వాక్ శ్రవణ సంఘం వార్షిక సదస్సు ఇషాకాన్‌లో పోస్టర్ పెట్టండి, పోస్టర్ ముందు నిలబడి విన్న ప్రశ్నలే తర్వాత రివ్యూయర్లు అడుగుతారు.

11. ఉద్యోగం, విదేశం

బీఏఎస్ఎల్‌పీ కాలేజీల్లో పాఠం చెప్పడానికి ఎంఎస్సీ, రిజిస్ట్రేషన్ చూస్తారు. విశ్వవిద్యాలయ లింగ్విస్టిక్స్ విభాగాల్లో నెట్, రాష్ట్ర స్థాయి అర్హత పరీక్ష సెట్, పీహెచ్‌డీలలో ఏదో ఒకటి ఉండాలి. తెలంగాణ సెట్‌ను ఉస్మానియా నిర్వహిస్తుంది.

విదేశీ పీహెచ్‌డీకి వెళ్ళాలనుకునేవారు విశ్వవిద్యాలయం ర్యాంకు చూడకుండా ప్రయోగశాల చూసి రాయండి. బోస్టన్ విశ్వవిద్యాలయంలో స్వాతి కిరణ్ ద్విభాషా అఫేసియా మీద చాలా ఏళ్ళుగా పనిచేస్తున్నారు, అలాంటి చోట్లకు "మీ గొప్ప పరిశోధన చదివి ముగ్ధురాలినయ్యాను" అని రాస్తే జవాబు రాదు. మీ దగ్గరున్న రికార్డింగులు ఎన్ని, అవి ఏ భాషలవి, మీరు అడగదలచుకున్న ఒక్క ప్రశ్న ఏమిటి, ఈ మూడూ ఎనిమిది వాక్యాల్లో రాయండి. ఇక్కడ పరిశోధకురాలిగా నమోదైన తర్వాత కొన్ని నెలలు అమెరికాలో పనిచేయడానికి ఫుల్‌బ్రైట్-నెహ్రూ డాక్టోరల్ ఫెలోషిప్ ఉంది. ఒక్కటి గుర్తుంచుకోండి: అమెరికాలో పరిశోధన పీహెచ్‌డీ వచ్చినంత మాత్రాన చికిత్స చేసే లైసెన్సు రాదు, దానికి క్లినికల్ కోర్సు, రాష్ట్ర లైసెన్సు వేరే. సిఫారసు ఉత్తరాలు రాసేవారికి నెల రోజుల ముందే మీ సినాప్సిస్, మార్కుల జాబితా, గడువు తేదీ కలిపి పంపండి. చివరి వారం ఫోన్ చేస్తే నేను కూడా రెండు పొడి వాక్యాలకు మించి రాయలేను.